నాలుగో కాలు

పండగకు ఇంకా నెల కూడా లేదనగా, బుల్లి జింక కాలు బాగుచేయాలని చానల్ వాళ్లకు బుద్ధి పుట్టింది.

అది పిల్లల కోసం తీస్తున్న క్రిస్మస్ బొమ్మల సినిమా. పండగ ముందురోజు సాయంత్రం టీవీలో రావాలి. క్రిస్మస్ తాత బండి మంచులో కూరుకుపోతుంది. బండి లాగే పెద్ద జింకలు ఇక మావల్ల కాదంటాయి, చేతులుంటే చేతులెత్తేసేవే. వెనక కాలు ఈడ్చుకుంటూ నడిచే బుల్లి జింక మాత్రం మెడలో గంట కట్టుకుని, కొండెక్కి, ఊరిని లేపుతుంది.

ఆ జింకకు నడక గీసింది నడకలక్క. ఆమె అసలు పేరు జీతమిచ్చే వాళ్లకు తప్ప స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఎలా నడవాలో గీయడమే ఆమె పని. ఒక పాత్ర నడక ఒక్కసారి కుదిరిందంటే సినిమా అంతా దాన్నే తిప్పి తిప్పి వాడుకుంటారు. అందుకే కుదిరేదాకా ఆమె తను నిద్రపోదు, పక్కవాళ్లను పోనివ్వదు. బుల్లి జింక కోసం మాత్రం ఎక్కడా వెతుక్కోలేదు. వరండాలో నిలువుటద్దం పెట్టుకుని తనే అటూ ఇటూ నడిచి చూసుకుంది. చిన్నప్పటినుంచీ ఆమె ఎడమ కాలు సన్నం, ఇనప పట్టీల బూటు లేనిదే నిలవదు.

"చివర్లో ఒక నక్షత్రం రాలుతుంది," అంది చానల్ మేడమ్. "ఆ వెలుగు తగలగానే కాలు బాగైపోతుంది. జింక చెంగుచెంగున గంతులేస్తుంది. పిల్లలు నవ్వుకుంటూ పడుకుంటారు."

డైరెక్టర్ అప్పటికే తల ఊపేశాడు. మేడమ్ తుమ్మినా ఊపే రకం అతను.

"నేను గీయను," అంది నడకలక్క.

"అదేంటక్కా, నీకు తెలియనిదా? దానికి మంచే కదా జరుగుతోంది," అన్నాడు డైరెక్టర్.

"తెలుసు కాబట్టే గీయనంటున్నా. అది కొండెక్కింది ఆ కాలుతోనే. ఎక్కాక దాన్ని పీకేసి, ఇదిగో నీకు బహుమానం అంటారా?"

ఆమె గెడ్డం కింద ఒక పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు ఇలాంటి పండగ సాయంత్రమే టీవీలో ఏదో బొమ్మల కథ వచ్చింది. అందులో కుంటి బొమ్మ కళ్లు మూసుకుని కోరుకుంటే తెల్లారేసరికి కాలు వచ్చింది. ఆ రాత్రి తనూ కళ్లు మూసుకుని కోరుకుంది. పొద్దున్నే బూటు మంచం కిందకు తోసేసి, మేడ మెట్లు దిగబోయింది. గెడ్డం పగిలింది సరే, కుట్లు వేస్తే అతుక్కుంది. కుట్లు వేయించుకొచ్చాక అమ్మ పక్కన కూర్చుని, "నువ్వు గట్టిగా కోరుకోలేదేమోనే," అంది. ప్రేమగానే అంది. ఆ మాట మాత్రం ఈనాటికీ అతుక్కోలేదు. తప్పు కాలిది కాదట, తనదట. అది తలుచుకుంటే నడకలక్కకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె ససేమిరా అనేసరికి డైరెక్టర్ దొడ్డిదారి పట్టాడు. పెద్ద జింక నడకను తెచ్చి, బుల్లి జింక ఒంటికి సరిపోయేలా కుదించి అతికించేశాడు. ఒక మధ్యాహ్నంలో కాలు బాగైపోయింది.

ఆ షాట్ చూసిన నడకలక్కకు ఒకటి కనిపించింది. నవ్వు వచ్చింది, ఆపుకుంది. చెప్పాలంటే చెప్పొచ్చు. చెప్పలేదు.

మేడమ్ పట్టుబట్టి, స్టూడియో వాళ్ల పిల్లలందరినీ పిలిపించి సినిమా వేయించింది. నక్షత్రం రాలింది. బుల్లి జింక గంతులేసింది. తెరమీద ఊరంతా చప్పట్లు కొట్టింది. కింద కూర్చున్న పిల్లలు మాత్రం కొట్టలేదు.

"అది బాగవలేదు," అంది ముందు వరసలో ఒక పిల్ల. "వెనకాల గీత చూడండి. కాలు ఇంకా ఈడుస్తూనే ఉంది."

నిజమే. మంచు కొండను కాగితం మీద నీటిరంగులతో వేసింది రంగుల బాబాయి. నడకలక్క గీసిన నడకను చూసి, దాని ప్రకారమే చివరిదాకా అడుగుజాడలు కూడా వేశాడు. మూడు కాళ్లకు మూడు గుంటలు, నాలుగో కాలికి పొడుగాటి గీత. జింకను మార్చారు గానీ మంచును మార్చాలని ఎవరికీ తట్టలేదు.

"మరి గంతులెందుకు వేస్తోంది?" అన్నాడు ఇంకొకడు.

"అందరూ చప్పట్లు కొడుతున్నారు కదా. బాగైనట్టు నటిస్తోంది, పాపం," అంది ఆ పిల్ల.

మేడమ్ రంగుల బాబాయి వైపు తిరిగింది. "ఆ గీత చెరిపేయండి," అంది.

రంగుల బాబాయి కుంచె జేబులో పెట్టుకున్నాడు. "కాగితానికి పట్టేసిన రంగు మేడమ్, చెరిగేది కాదు. కొండంతా మళ్లీ వేయాలి. నేనైతే వేయను."

అందరూ నడకలక్క వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది. బూటు పట్టీలు కిర్రుమన్నాయి. ఎప్పుడూ ఆ చప్పుడు వినపడకుండా లేచే మనిషి, ఈసారి వినపడేలాగే లేచింది.

"ఆ నక్షత్రాన్ని తీసేయండి. చివరి నడక ఈ సాయంత్రమే ఇస్తా."

"మరి పిల్లలు ఏడిస్తే?" అంది మేడమ్.

"ఏడవనీయండి. మెట్ల మీంచి అయితే పడరు."

మేడమ్‌కు ఆ మాట అర్థం కాలేదు. అయినా ప్రసారం దగ్గర పడింది, వేరే దారి లేదు. ఒప్పుకుంది.

పండగ ముందురోజు సాయంత్రం నడకలక్క అమ్మ పక్కన కూర్చుని సినిమా చూసింది. బుల్లి జింక కొండ కొసకు చేరింది. గంట మోగింది. ఊరు లేచింది. అది వెనక్కి తిరిగి, కాలు ఈడ్చుకుంటూనే, తీరిగ్గా ఇంటి దారి పట్టింది. వెనక మంచులో గీత సాగింది.

అమ్మ తెర వంకే చూస్తోంది. "ఆఖర్లోనైనా ఆ కాలు బాగవుతుందనుకున్నానే," అంది.

"బాగయ్యేదే," అంది నడకలక్క. "నేనే కానివ్వలేదు."