చెప్పని తిమ్మిరి

చిటికెన వేలి చివర చీమలు పాకుతున్నట్టుంది.

కృపావతి వేలు విదిలించింది.

చీమలు లేవు. తిమ్మిరి... అంతే.

కిటికీ అవతల కాలవ నిండుగా పారుతోంది. అమలాపురంలోని ఆ సంగీత కళాశాలలో ఈ ఏడాది కొత్త క్లాసు పెట్టారు — పాడే గొంతు, వాయించే చెయ్యి, వినే చెవి పాడవకుండా చూసుకోవడం నేర్పే క్లాసు. నేర్పడానికి ఫిజియోథెరపిస్టు పుష్పలత వచ్చింది.

నవ్వుతూ వచ్చింది.

ఆ నవ్వునే కృపావతి నమ్మలేదు.

"ఎవరికైనా నొప్పిగానీ తిమ్మిరిగానీ ఉందాండీ? దాచుకోకండి."

దాచుకోకండి — ఎందుకని?

పోయినేడు మృదంగం బెన్నీ దాచుకోలేదు. మణికట్టు లాగేస్తోందని చెప్పాడు. కచేరీ రోజున వేదిక మీద లేడు. జనంలో కూర్చుని తొడమీద తాళం వేసుకున్నాడు.

కృపావతిది రాజోలు. చర్చిలో పాటలకు వయొలిన్ వాయిస్తూ పెరిగింది. వచ్చే నెల కచేరీలో మొదటిసారి తనొక్కతే వాయించాలి. దానికోసం వేసవంతా సాధన. ఆ సాధనలోనే ఈ తిమ్మిరి.

ఎడమచెయ్యి చున్నీ కిందికి జరిపింది.

చున్నీ కింద చెయ్యి... నాచు కింద నీరు.

వెనక బెంచీ కిర్రుమంది. వయొలిన్ గురువు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు వచ్చి కూర్చున్నారు. ఇంకొకరి క్లాసుకు ఎన్నడూ రాని మనిషి. కచేరీలో ఎవరు వాయించాలో తేల్చేది ఆయనే.

అయితే ఇదొక వల. ఎవరు బయటపడతారో చూడ్డానికే వచ్చారు.

బయట కొబ్బరిమట్టలు గరగరలాడాయి.

"నాదో సందేహమండీ, డాక్టరమ్మగారూ." గురువుగారి గొంతు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "చిటికెన వేలు మొద్దుబారి చాలాకాలమైతే... మళ్ళీ స్పర్శ వస్తుందాండీ?"

"ఎవరికండీ?"

"నాకేనండీ. బెన్నీని ఆపేనంటే అందుకే. వాడి చెయ్యీ ఇలా అయిపోతుందని భయమేసింది. ఎందుకాపేనో చెబితే నా సంగతీ చెప్పాలి కదండీ... చెప్పలేకపోయేను."

పుష్పలత ఇప్పుడు నవ్వలేదు. "మొదట్లోనే వచ్చుంటే తేలికయ్యేదండీ. ఎంతవరకు వస్తుందో చూద్దాం."

నిజమా? లేక — తన నోటినుంచి రాబట్టడానికి అల్లిన మాటా?

కృపావతి గుర్తుచేసుకుంది. ఆయన పాఠంలో కుడిచేత్తో కమాను పట్టుకుంటారు. ఎడమచేతి వేళ్ళు ఊపాల్సిన గమకం దగ్గరికొచ్చేసరికి వయొలిన్ పక్కనపెట్టి, పాడి చూపిస్తారు.

ఎప్పుడూ పాడే చూపిస్తారు.

లేచి ముందుకెళ్ళింది. చున్నీ తొలగించి, ఎడమచెయ్యి బల్లమీద పెట్టింది.

పుష్పలత మోచేతి లోపలివైపు నొక్కింది. "ఇక్కడ జివ్వుమంటోందా అమ్మా?"

"ఆయ్."

వెనక్కి తిరక్కుండానే అడిగింది. "మరి కచేరీ అండీ, గురువుగారూ?"

"ముందు చెయ్యి చూపించుకో అమ్మాయ్."

అది అవునో, కాదో... ఆ గొంతులో ఎంత వెదికినా దొరకలేదు.

చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.