సలోమి అత్త పన్నెండు గంటల చుక్క

ఆ రెండో శనివారం ఇంట్లో ఉన్నది ముగ్గురు. మేరీ మామ్మ, ఆవిడ కూతురు సలోమి అత్త, మనవరాలు శారోన్. అమ్మా నాన్నా పెళ్ళిమాటలకని పొద్దున్నే రాజోలు వెళ్ళారు. లెక్కకు నాలుగో మనిషి కూడా ఉన్నాడు గానీ, లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. ఎదురింటి అప్పారావు. కొబ్బరికాయలు వలవడంలో మామిడికుదురు చుట్టుపక్కల అతనికి సాటి లేదు. రెండు రోజుల కిందట వలుస్తుండగా పీచుముక్క ఎగిరి ఎడమ కంట్లో కొట్టుకుంది. ఇప్పుడా కన్ను పండు మిరపకాయలా ఉంది.

"సలోమి టీచరుగారు వేసుకుంటున్న చుక్కలు నాకూ ఒకటి వెయ్యండి మామ్మగారూ. వారం తిరక్కుండా ఆవిడ కన్ను ఎలా తెల్లబడిందో వీధంతా చూసేరు కదండీ" అన్నాడు.

కన్ను ఎర్రబడితే ఆ ఇంటికి రావడం ఊళ్ళో అలవాటే. మామ్మ పెరట్లో నందివర్ధనం పూలు కోసి, తడిపి, రెప్పల మీద వేసి కట్టేది. తగ్గినవాళ్ళు ఆవిడ చలవే అనేవారు. తగ్గనివాళ్ళు మర్యాదకి ఏమీ అనేవారు కాదు. అడిగినవాళ్ళని వట్టి చేతులతో పంపిన రోజు మామ్మ ఎరగదు.

"వద్దమ్మా" అంది అత్త గదిలోంచి. "అది నాకు రాసిన మందు. అన్నయ్యా, నువ్వు అమలాపురం వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకో. ఇవాళే వెళ్ళు."

"ఆయ్, అలాగేనండి" అని అప్పారావు లేచాడు. ఆ 'ఆయ్'లో వెళ్తానన్న మాట ఎంతుందో మామ్మకి తెలుసు. మొహం చిన్నబుచ్చుకుని మెట్లు దిగుతున్న మనిషిని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

సలోమి అత్త హైస్కూల్లో సైన్సు టీచరు. కంటి లోపల వాపు వచ్చి, వెలుగు చూడలేక, నెల రోజులు సెలవు పెట్టి పుట్టింటికి వచ్చింది. ఆవిడ చుక్కలు వేసుకునే తీరు చూడడమంటే శారోన్‌కి ఇష్టం. పదో తరగతికి వచ్చినా నలుగురిలో నోరు విప్పని ఆ పిల్ల, చూసిందంతా చక్కగా చూస్తుంది. అత్త ముందు సబ్బుతో చేతులు కడుక్కునేది. పాలరంగు మందు అడుక్కి దిగిపోతుందని సీసాని బాగా ఊపేది. కింది రెప్పని వేలితో లాగి, సీసా మొన ఎక్కడా తగలకుండా ఒక్కటే చుక్క. ఆ తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన వేలితో నొక్కి రెండు నిమిషాలు కదలకుండా ఉండేది. రెండో సీసా మందుకి ఇంకో ఐదు నిమిషాలు ఆగేది. కన్ను తెల్లబడ్డాక కూడా ఒక్క పూట తప్పలేదు.

"తగ్గిపోయింది కదత్తా, ఇంకా ఎందుకు?" అని శారోన్ ఒకసారి అడిగింది.

"ఎరుపు పోయిందే గానీ జబ్బు పోలేదు. ఒక్కసారిగా మానేస్తే మళ్ళీ వస్తుంది. మొదట గంటకోసారి వేసుకున్నాను. ఇప్పుడు నాలుగుసార్లు. వచ్చే వారం మూడు. అలా మెట్టు మెట్టు దిగాలి. మధ్యలో కంటి ప్రెషరు పెరిగిందేమో డాక్టరు చూస్తూ ఉండాలి."

కేలండరు వెనక గళ్ళు గీసి, వేసిన చుక్కకల్లా టిక్కు పెట్టే పని శారోన్‌ది.

పన్నెండు కొట్టింది. అత్త చేతులు కడుక్కుని వచ్చి బీరువా అర తడిమింది. రెండో సీసా ఉంది. పాలరంగుది లేదు.

పావుగంట కిందట పెరటి గుమ్మం దగ్గర మామ్మ కొంగు చాటున ఏదో తీసి నాగమణికి ఇవ్వడం శారోన్ చూసింది. నాగమణి అప్పారావు భార్య. చెబితే మామ్మ పరువు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. అత్త మంచం కింద కూడా తడుముతుంటే ఇక ఆగలేకపోయింది.

"మామ్మ... నాగమణి పిన్నికి ఇచ్చింది."

అత్త తల్లిని కేకలెయ్యలేదు. "ఎంతసేపయింది?" అని మాత్రం అడిగి, నల్లకళ్ళద్దాలు అందుకుంది.

"ఒక్క చుక్కకి ఏమైపోద్దే? గుమ్మంలోకొచ్చి అడిగితే లేదనమంటావా?" అంది మామ్మ వంటింట్లోంచి, తిరిగి చూడకుండా.

"వచ్చేక చెప్తానమ్మా."

రెండో మందు వల్ల అత్త కంటిపాప పెద్దదై ఉంది. మధ్యాహ్నపు ఎండ అద్దాల పక్కల నుంచి దూరి, కంట్లోంచి నీళ్ళు కారాయి. అయినా శారోన్ భుజం పట్టుకుని చకచకా వీధి దాటింది. పద్దెనిమిది రోజులుగా కిటికీ తెర కూడా తీయనివ్వని మనిషేనా అని శారోన్ ఆశ్చర్యపోయింది.

ఎదురింటి వసారాలో అప్పారావు నులకమంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. రోజుకు వెయ్యి కాయలు వలిచే మనిషి, చుక్క అంటే కన్ను తెరవడం లేదు.

"తెరువయ్యా. చంటిపిల్లలు నయం నీకంటే" అంటూ నాగమణి రెప్ప లాగుతోంది. రెండు చుక్కలు అప్పుడే చెంప మీద పడ్డాయి. మూడోదానికి సీసా వంచింది. అత్తకి అంత దూరం కనబడదు.

"వెయ్యకండి పిన్నీ!"

అది తన గొంతేనని శారోన్‌కి ఓ క్షణం తెలియలేదు. నాగమణి చెయ్యి ఆగిపోయింది.

అత్త వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. "అన్నయ్యా, కుడికన్ను మూసుకో. ఇవి ఎన్ని వేళ్ళు?"

అప్పారావు తంటాలు పడి చూశాడు. "మంచు పట్టినట్టుందండి. మూడా?"

అత్త చూపించింది ఒక వేలు.

"నిన్న ఇంత మసక ఉందా?"

"లేదండి."

"చూడు. ఒంట్లో కాపలా కుక్క ఒకటి ఉంటుంది. నా కంట్లో అది ఇంటివాళ్ళనే కరుస్తోంది. ఈ మందు దాన్ని నిద్రపుచ్చుతుంది. నీ కంట్లో పీచుతో పాటు ఏ బూజు దొంగో దూరి ఉండొచ్చు. కుక్కని నిద్రపుచ్చితే దొంగకి పండగే. నొప్పి తగ్గినట్టే ఉంటుంది, ఎరుపూ పోతుంది. ఈలోగా లోపల నల్లగుడ్డు తినేస్తాడు. ఆ తర్వాత ఎంత పెద్ద డాక్టరైనా చూపు తెచ్చివ్వలేడు."

నాగమణి సీసా చాచింది. "అడిగితే మీరు వద్దన్నారని మా ఆయన చిన్నబోయేడండీ. పిసినారితనం అనుకున్నాం."

"దాని మొన రెప్పకి తగిలిందా?"

"తగిలిందండి."

"అయితే ఇక నాకూ పనికిరాదు. కొత్తది కొనుక్కోవాలి. నేనూ వస్తాను అమలాపురం. పద." కోపం ఇసుమంతైనా లేకుండా చెప్పింది. ఆ ఎండ వెలుగులో, కారుతున్న కంటితో అత్త అంత పొడుగ్గా ఎప్పుడూ కనబడలేదు శారోన్‌కి.

అప్పారావు లేచి కూర్చున్నాడు. "చొక్కా తియ్యే" అన్నాడు భార్యతో, గదిలోకి నడుస్తూ. నిజంగా బయల్దేరతాడో లేదోనని శారోన్ ఆత్రంగా గుమ్మం దాకా వెంట వెళ్ళింది.

"లుంగీ మార్చుకుంటాడమ్మా. చూస్తా నిలబడతావేంటి? పోయి ఆటో పిలు" అని నాగమణి ఆమె మొహం మీదే తలుపు వేసింది.