పుట్టింటి ఇసక

అత్తవారి గుమ్మం దాటేసరికి వీరవేణి గుల్ల అయిపోతుంది. రెండు గరుకు చిప్పలు, వీపు దగ్గర మడతబందు, లోపల ఎర్రటి నెత్తురు. అక్కడెవరూ కంగారుపడరు. చిప్పకి పసుపు రాసి బొట్టు పెడతారు. చిప్ప మీది గీతల్ని ఏడాదికొకటి చొప్పున లెక్కేసిన అత్త నూకరత్నం, పెళ్లిచూపుల్లో వయసు దాచారని గొణుగుతుంది.

"ఇసకున్న గుల్ల కూరకి పనికిరాదు. కక్కేదాకా నాననీ," అంటూ గంగాళంలో ఉప్పునీళ్లు పోస్తుంది.

ఏ గుల్లనైనా అలాగే నానబెడతారు కాబట్టి వీరవేణికి తప్పు పట్టడానికేమీ దొరకదు. గుల్లకి ఒక్కటే కాలు. కోడలికి అంతకన్నా ఎందుకని ఆ ఇంటి అభిప్రాయం.

ముందు మామూలు ఇసక వస్తుంది. తర్వాత పుట్టింటి వీధి, కుళాయి దగ్గరి పోట్లాటతో సహా. ఆ తర్వాత నాన్న దగ్గు. నూకరత్నం అన్నీ జల్లెడపట్టి పెరట్లో పోస్తుంది. కోళ్లు ఏరుకు తిని, దగ్గుతాయి.

"ఇంకేవన్నా ఉందేంటే?"

"లేదత్తా."

ఉంది. అన్నానికి పిలిచే అమ్మ గొంతు, ఇసక రేణువంత. అది కూడా పోతే వీరవేణి ఖాళీ. ఖాళీ చిప్పల్ని ఇక్కడేం చేస్తారో గంగాళంలోంచి కనిపిస్తూనే ఉంది. అరుగు మీద మామ తమలపాకుకి సున్నం రాస్తున్నాడు.

"ఇది మా పెద్దొదిన చిప్పది. బాగా కాలింది, గాటుండదు," అని పెళ్లికొడుక్కి అందిస్తాడు. అతను నములుతాడు.

నూకరత్నం కోడల్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. లోపల రేణువు గలగలమంటుంది.

"అబద్దాలాడతన్నావే? నేను కక్కలేదా? మాయమ్మ మొకం కూడా కక్కేశాను. ఏవైంది, బతకలేదా?" అని చూపుడువేలు లోపలికి దూరుస్తుంది.

వేలికి రేణువు తగులుతుంది. 'పిల్లా, అన్నానికి రాయే!'

"వస్తన్నానమ్మా," అంటుంది నూకరత్నం, చిన్నపిల్ల గొంతుతో.

వీరవేణి చిప్ప మూసేస్తుంది.

వేలు తెగి లోపలే ఉండిపోతుంది. బయట నూకరత్నానికి నెత్తురు రాదు. రావడానికి లోపల ఏముందని? డొల్లగా మోగుతూ గోడకి జారబడుతుంది.

"సున్నం నిండుకుంది," అంటూ మామ వచ్చి ఆమె భుజం అంచు విరుస్తాడు. "ఇన్నేళ్లూ పొయ్యి దగ్గరే ఉంది కదా, దీన్ని మళ్లీ కాల్చక్కర్లేదు."

కొడుకు నాలుక చాపి చూపిస్తాడు. ఎర్రగా పండింది.

చిప్పలోపలి చీకట్లో తెగిన వేలు ఆ ఒక్క రేణువునే నలిపి, వీరవేణి మెత్తటి కండ మీద, ఆమె ఎన్నడూ చూడని ఏదో పుట్టింటి ముందు ముగ్గు మొదలుపెడుతుంది. వాకిలి పెద్దది. పిండి చాలదు. వేలు కాసేపు ఆలోచించుకుని, చిప్పని లోపలినుంచి గోకడం మొదలుపెడుతుంది.