పంటి గాట్ల దాకా

…అయినా రెండు మొనలున్నదాని సాక్ష్యం ఎవరు నమ్ముతారు? నేను ఒక పెన్సిల్‌ని. ఒక కొసన ఎరుపు, రెండో కొసన నీలం. నా నడుమ, రెండు రంగులూ ఆగిపోయే చోట, నాలుగు పంటి గాట్లున్నాయి. అవి షారోనువి.

ఏదో ఫ్యాక్టరీలో మర నన్ను కోసింది. రేపల్లె బస్టాండు పక్క కొట్లో గాజుసీసాలో కొన్నాళ్లు నిలబడ్డాను. తొమ్మిదేళ్ల షారోను పట్టుబట్టి నన్ను కొనిపించుకుంది. నాతో సముద్రాలకు నీలం, సూర్యుళ్లకు ఎరుపు పూసేది. జడ వేసుకునేటప్పుడు అడ్డంగా కరిచి పట్టుకునేది. మనుషులు ఇష్టమైనవాటినే కొరుకుతారని అప్పుడు తెలిసింది నాకు. ఒక వానాకాలం ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మూడో రోజున పోయింది.

ఆ ఇంట్లో ఒక పెద్ద బైబిలు ఉంది. పుట్టినవాళ్లనీ, పెళ్లయినవాళ్లనీ, పోయినవాళ్లనీ దాని మొదటి ఖాళీ పేజీలో మూడు తరాలుగా రాస్తున్నారు. షారోను పుట్టిన తేదీ అక్కడుంది. పోయిన తేదీ లేదు. రాయవలసినవాడు తండ్రి జయశీలరావు, కాలేజీలో చరిత్ర చెప్పేవాడు.

ఆయన రాయలేదు. కూతురి పెట్టెలోంచి నన్ను తీసుకుని వేరే పని మొదలుపెట్టాడు. యూదా దేశం మీదికి దండెత్తిన రాజుల గురించి బైబిలు చెప్పినదాన్నీ, ఆ రాజులే మట్టిపలకల మీద చెక్కించుకున్నదాన్నీ నోటుబుక్కులో పక్కపక్కన పెట్టుకున్నాడు. బైబిలు మాటకు ఎర్రగీత. పలకల మాటకు నీలిగీత. రెండూ కలిసినచోట మాత్రమే రెండు గీతలు. ఎప్పుడో ఇరవై ఏడు వందల ఏళ్ల కిందటి చావులకు కూడా ఆయనకు ఇద్దరు సాక్షులు కావాలి.

ఇంట్లో మాత్రం ఇద్దరు సాక్షులూ కలవరు. మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాననీ, ఈ నాలుగు పేపర్లు దిద్దాక అన్నారనీ భార్య మార్తమ్మ చెబుతుంది. దీపాలు పెట్టేవేళ దాకా ఆవిడ ఏమీ అనలేదనీ, అప్పటికి పిల్ల ఒళ్లు చల్లబడే ఉందనీ ఆయనంటాడు. ఏటా పిల్ల పోయిన తేదీన ఆవిడ బైబిలు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆయన బ్లేడు తీసుకుని నన్ను చెక్కడం మొదలుపెడతాడు. చెక్కుతున్నవాడు మాట్లాడక్కర్లేదు. అలా పదకొండేళ్లలో రెండు వైపుల నుంచీ అరిగి, గాట్ల దగ్గరికి వచ్చేశాను.

ఈ ఏడూ బైబిలు బల్ల మీదికి వచ్చింది.

“ఇవాళ ఎవరి వంతు?” అంది మార్తమ్మ.

సన్హెరీబుదట. యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించానని ఆ అష్షూరు రాజు రాయించాడు. దేవదూత వచ్చి ఒక్క రాత్రిలో అతని దండును హతం చేశాడని బైబిలు చెబుతుంది. ఇదంతా ఆయన తల ఎత్తకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు.

“మరి కలిసిందేమిటి?”

“ఊళ్లు పడిపోయాయని. అది ఇద్దరూ రాశారు.”

“ఆ ఊళ్లలో పోయినవాళ్ల పేర్లో?”

“ఎందులోనూ లేవు.”

ఆవిడ చీరకొంగుతో బైబిలు అట్ట తుడిచింది. “సన్హెరీబుకైనా ఎక్కడో ఒక మాట కలిపారు. నాతోనే కుదరలేదు మీకు.”

ఆయన బ్లేడు అందుకున్నాడు. నా రెండు మొనలూ మొద్దుబారి ఉన్నాయి. బ్లేడు మొదటి గాటు మీద ఆనింది. జీవితమంతా కోతలే చూసినదాన్ని, చేతుల సంగతి నాకు తెలుసు. ఆ చెయ్యి నన్ను కొయ్యలేదు. బొటనవేలి గోటితో నాలుగు గాట్లనూ ఒక్కొక్కటే తడిమాడు.

“మార్తా, ఆ రోజు మంగళవారమే కదూ?”

ఆవిడ బైబిలును ఆయన ముందుకు జరిపింది.

“మంగళవారమే.”

ఆయన బ్లేడు పక్కన పెట్టి బైబిలు తెరిచాడు. మొద్దుమొనతోనే ఆ పేజీలో షారోను పేరు, ఆ మంగళవారం తేదీ రాశాడు. కింద ఒక ఎర్రగీత గీశాడు. నన్ను తిప్పి పట్టుకుని, దాని కిందే ఒక నీలిగీత గీశాడు.