చివరి వరుస

"కింద నిచ్చెన లెక్క ఉంటదన్నా. దాని మీద బండి పెట్టి బోల్టులు బిగిస్తరు. లారీలకు ఉంటది సూడు, అట్ల," అని మా ఆయన విష్ణు ఫోన్లో వాళ్ళన్నకు చెబుతున్నాడు. నేను జొన్నరొట్టె కాలుస్తున్నాను. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. కొనబోయేది ఏడుగురు కూర్చునే కొత్త రకం పెద్ద బండి, మా చుట్టుపక్కల ఇంకా ఎవరింటి ముందూ లేనిది. తేలాల్సింది రెండింట్లో ఏదన్నదే. నల్లది నిచ్చెన మీద కట్టినది, పసుపు పండే చేల గట్ల మీదికైనా ఎక్కుతుందట. తెల్లదానికి కింద నిచ్చెన లేదు. అడుగూ ఒళ్ళూ ఒకే ముక్కగా అతికి చేస్తారట, కూర్చుంటే పరుపు మీద ఉన్నట్టే ఉంటుందట.

అన్నం తింటూ ఆయన వీడియోలు పెట్టుకుంటాడు. వడ్డిస్తూ నేనూ చూస్తాను. ఒక రోజు తెల్లబండిని గోడకు గుద్దించి చూపించారు. దాని ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కావాలనే మెత్తగా చేస్తారట. దెబ్బంతా అవి తీసుకుని నలిగిపోతాయి, నడుమ ఉన్నవాళ్ళు బతుకుతారు. "గిదీ ఇంజనీరింగంటే," అన్నాడాయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. నా చేతిలో గరిటె ఆగిపోయింది. వెనక నలిగే చోటికి ఆనుకుని ఎవరు కూర్చుంటారని ఆ వీడియోలో ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో అది అడగనక్కరలేదు. మా పాత బండిలోనూ మూడు వరుసలే. ముందు ఆయన, పక్కన వాళ్ళన్న సాయిరాం బావ. నడిమి వరుసలో మా అత్తమ్మ సాయవ్వ, తోటికోడలు, ఆమె కొడుకు. చివరి వరుసలో నేనూ, ఆరేళ్ళ మా అంకితా, టిఫిన్ల సంచీ, నీళ్ళ డబ్బాలూ. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, చిన్నకోడలివి, సన్నగున్నావు, వెనక పడతావు అన్నారు. ఒళ్ళు వచ్చింది, మోకాళ్ళు అరిగాయి, చోటు మాత్రం మారలేదు. చివరి వరుసకు తలుపు ఉండదు. నడిమి సీటు వంచితేనే దారి. ఆ సీటు వంచే పట్టీ దిగేవాళ్ళ చేతికి అందుతుంది, లోపలున్న నాకు అందదు.

మూడేళ్ళ కింద, ఇప్పుడున్న పాత బండిలోనే, కందకుర్తికి గోదావరి స్నానాలకు పోయాం. ఎండాకాలం. అంకిత నా ఒడిలో నిద్రపోయింది. అందరూ దిగారు, నా కోసం వంచిన నడిమి సీటు టక్కున వెనక్కి పడింది. పిల్లను లేపుదామా వద్దా అని నేను దాని ముఖం చూస్తున్నాను. ఆయన నడుస్తూ నడుస్తూ, వెనక్కి తిరగకుండానే తాళం నొక్కాడు. అద్దాలు నల్లవి, చివరి అద్దం అసలు దిగదు. మొదట కొంగుతో పిల్లకు విసిరాను. తర్వాత అద్దం మీద చేతులతో కొట్టాను, గొంతు పోయేదాకా అరిచాను. గాలి చిక్కబడింది. పిల్ల ముఖం కందిపోయి, ఏడుపు ఆపి, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. సీటు మీదుగా పాకుదామంటే పైన సందు ఇరుకు, చీర సంచిలో చిక్కుకుంది. నదిలో వాళ్ళు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి వచ్చారు. ఆకలై, టిఫిన్ల కోసం.

"నోరు లేదా? ఒర్రరాదు?" అన్నాడాయన, నేను అరవనే లేదన్నట్టు.

ఆ తర్వాత అది ఇంట్లో నవ్వులాట అయింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా బావ చెప్పేవాడు, తమ్ముడు పెళ్ళాన్ని ఎవడైనా ఎత్తుకుపోతాడని బండిలో పెట్టి తాళమేసుకున్నాడని. అందరూ నవ్వేవాళ్ళు. చాయ్ పోస్తూ నేనూ నవ్వేదాన్ని. అప్పటి నుంచి ఎక్కడ తలుపు పడిన చప్పుడైనా నా అరచేతులు చెమట పడతాయి. స్నానాల గదిలో కూడా గడియ పెట్టుకోను.

ఆదివారం పొద్దున షోరూం వాళ్ళు రెండు బండ్లనూ హైదరాబాదు నుంచి తెచ్చి, ఊరి చివర ఒక ఫంక్షన్ హాలు ముందు నిలబెట్టారు. ఇంటిల్లిపాదీ పోయాం. బావ వంగి కింద నిచ్చెన చూశాడు. ఆయన తలుపు తీసి, వేసి, ఆ బరువు చప్పుడు విని తల ఊపాడు. అత్తమ్మ తోలు సీటును చేత్తో నిమిరింది. బండ్లు చూపించే అమ్మాయి పేరు జ్యోతిరాణి. ఆమెను పక్కకు పిలిచి, చివరి సీట్లో ఉన్న మనిషి తనంతట తాను దిగొచ్చా అని అడిగాను.

నల్లదాంట్లో పట్టీ బయటి నుంచే గుంజాలంది. తెల్లదాంట్లో వెనకే స్విచ్చు ఉంది, నొక్కితే ముందు సీటు దానంతటదే వంగుతుందంది.

"బండి బందుంటే?"

"బందుంటే పనిచెయ్యదక్కా. గిది ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే."

నిచ్చెన ఉన్నదీ, లేనిదీ, నాకు రెండూ ఒకటే.

బోధన్ రోడ్డు మీద చెరుకు తోటల దాకా నడిపి చూద్దామన్నారు. ముందుగా తెల్లబండి. చివరి వరుసవాళ్ళే మొదట ఎక్కాలి కాబట్టి ఆయన సీటు వంచి పట్టుకుని, నా వైపు చూడకుండానే ఎక్కమన్నాడు. అంకిత నా కొంగును పిడికిట్లో బిగించింది.

"అమ్మా, మనల్ని మల్ల తాళమేస్తరా?"

అప్పుడు దానికి మూడేళ్ళు. మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోయిందనుకునే ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఆ సీట్లోకి ఎక్కుతూ వచ్చాను.

ఇంటికి పోయాక తలుపులు వేసి ఆయన అనబోయే మాటలు అప్పుడే చెవుల్లో పడుతున్నాయి. అయినా పిల్లను నా వెనక్కి జరుపుకున్నాను.

"నేనెక్క. బిడ్డను ఎక్కనియ్య."

అందరి ముందూ ఇజ్జత్ తీయొద్దన్నాడాయన, పళ్ళు బిగించి. ఎవరో ఒకరు వెనక కూర్చోవాలి కదా బిడ్డా, అంది అత్తమ్మ.

"ఔ అత్తమ్మా, కూసోవాలె," అన్నాను. ఆయన వైపు తిరిగాను. "నెల దినాల సంది రెండు బండ్లు ఒక్కతీర్గ సూస్తున్నరు గదా. అండ్ల ఎనుక వరుసల మీరు కూసోండ్రి. నేను తాళమేసి పోత. చాయ్ తాగొచ్చి తీస్త."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన తాను వంచి పట్టుకున్న సీటు మీదుగా లోపలికి చూశాడు. ఆ ఇరుకు, దిగని అద్దం, తలుపు లేని గోడ. నాకు బాగా తెలిసిన భయమే ఆయన ముఖంలోకి వచ్చి, వెంటనే దాక్కోవడం చూశాను.

ఆయన ఎక్కలేదు.