కాటా మనిషి బరువు

నేను ఎవరినీ నమ్మను. ఇది గొప్పగా చెప్పుకునే మాటేమీ కాదు, నా ఉద్యోగం అలాంటిది. ఇరవై రెండేళ్ళుగా లారీలు తూచే కాటా దగ్గర గాజు కిటికీ వెనక కూర్చుంటున్నాను. లారీ వచ్చి ఇనుప బల్ల ఎక్కుతుంది, నా ముందున్న డబ్బాలో ఎర్ర అంకె వెలుగుతుంది, నేను చీటీ కొట్టి ఇస్తాను. చూడటానికి అంతే. కానీ ఆ బల్ల ఎక్కిన ప్రతివాడికీ ఆ అంకె ఇంకాస్త ఎక్కువో ఇంకాస్త తక్కువో కావాలి. ఉన్నది ఉన్నట్టు చాలనేవాడు నాకింతవరకూ తగల్లేదు.

వాళ్ళ ఎత్తులన్నీ నాకు కంఠతా వచ్చు. ఒకడు ముందు చక్రాన్ని బెత్తెడు బల్ల బయట నిలుపుతాడు. ఇంకొకడు టైర్లో గాలి చూస్తున్నట్టు వంగి, బల్లకూ గట్టుకూ మధ్య సందులో ఒక రాయి దూరుస్తాడు. బండి ఎక్కగానే బల్ల ఆ రాయి మీద ఆనుతుంది, కొంత బరువు గట్టు మోస్తుంది, అంకె తగ్గుతుంది. మామూలుగా అయితే బల్ల ఒకసారి ఊగి కుదురుకుంటుంది. రాయి ఉంటే ఊగదు, బిగుసుకుపోతుంది. ఆ తేడా నాకు కుర్చీలో కూర్చునే తెలుస్తుంది. తల ఎత్తకుండానే "రాయి తియ్యి" అంటాను. ఇంకో గుర్తు కూడా ఉంది. తప్పు చెయ్యని డ్రైవరు అంకె వంక చూస్తాడు. చేసినవాడు నా మొహం వంక చూస్తాడు.

ఇవన్నీ రోజూ ఇంటికెళ్ళాక మా ఆవిడకు చెప్పడం నా అలవాటు. ఆవిడ బట్టలు మడతపెడుతూ ఊ కొడుతుంది. వింటోందో లేదో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇక నా బరువు సంగతి. నూట నలభై ఒక్క కిలోల చిల్లర. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు. ఒకసారి ఒక లారీ వెళ్ళి ఇంకోటి వచ్చేలోపు కుర్చీలోనే నిద్రపోయాను, వచ్చినవాడు హారన్ కొట్టి లేపాడు. అప్పుడు మా ఆవిడ నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఒళ్ళంతా వైర్లు తగిలించి ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి, నిద్రలో నా ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని తేల్చారు. నిద్రలో ఊపిరి ఆగకుండా మూతికి తగిలించుకునే మాస్కు ఒకటి ఇచ్చారు. రెండు రోజులు పెట్టుకుని అటక మీద పడేశాను. నిద్రలో జరిగేది నిద్రపోయేవాడికి ఎలా తెలుస్తుంది? నాకు తెలియనిదాన్ని నేనెందుకు నమ్మాలి?

చివరికి ఆపరేషన్ అన్నారు. పొట్టను కోసి అరటిపండంత మిగులుస్తారట. నేను సరేనన్నాను, మా ఆవిడ పోరు పడలేక కొంత, ఆ కునుకులకు భయపడి కొంత. ఉద్యోగం పోతే నన్ను ఇంక ఏ కాటా దగ్గరా కూర్చోనివ్వరు.

డైటీషియన్ అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. అంత మర్యాద చూస్తే నాకు మొదటే తేడా కొట్టింది. మొదటిసారి ఈ దారిలోకి వచ్చేవాళ్ళ కోసమని ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టింది. ఆపరేషన్‌కు ముందు పద్నాలుగు రోజులు ద్రవాలు మాత్రమే తీసుకోవాలి. నీళ్ళలో కలిపే ప్రొటీన్ పొడి, వడకట్టిన కూరగాయల నీళ్ళు, మజ్జిగ. గొంతు దిగిన ప్రతిదీ ఒక ఫారంలో రాయాలి. ఊపిరి బలపడటానికి మూడు బంతులున్న గొట్టంలో గాలి పీల్చి బంతుల్ని పైకి లేపాలి. నీళ్ళు గుటకలు వెయ్యకుండా చప్పరించడం నేర్చుకోవాలి. యాభై రెండేళ్ళ వయసులో నీళ్ళు తాగడం నేర్పుతోంది నాకు.

ఆ గదిలో మూలకు ఒక కాటా ఉంది, నేల మీద చదరపు బల్ల, గోడకు అంకెల డబ్బా. పక్కనే చెప్పులు విడవడానికి ఒక రబ్బరు పట్టా. దీన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే ఆ అమ్మాయి తెల్లబోయింది. బరువు ఎక్కువ చూపిస్తేనే కదా వీళ్ళకు బేరం. మూడుసార్లు ఎక్కి దిగాను. మూడుసార్లూ నూట నలభై ఒకటి పాయింట్ రెండు. బల్ల చక్కగా ఊగి కుదురుకుంది. వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఊరుకున్నాను. పద్నాలుగో రోజుకి కనీసం అయిదు కిలోలు తగ్గాలని, తగ్గకపోతే ఈ తేదీ పోతుందని ఆ అమ్మాయి మా ఇద్దరికీ చెప్పింది.

ఎందుకు తగ్గాలో మాత్రం సర్జన్ చెప్పాడు. అప్పుడు మా ఆవిడ మందుల కొట్టు ముందు వరసలో ఉంది. "మీ కాలేయం కొవ్వు పట్టి పొట్ట మీద మూతలా పడుకుని ఉంది. అది కుంచించుకుంటేనే నేను లోపల పని చెయ్యగలను. లేకపోతే రక్తం పోయి మీ ప్రాణం మీదకొస్తుంది" అన్నాడు. అందరికీ ఇదే పాట పాడతాడేమో అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకు చెప్పలేదు. ఆడవాళ్ళను అనవసరంగా భయపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి చెప్పాలనే తోచలేదు.

మొదటి వారం రెండు కిలోలు తగ్గాను. రెండో వారం ఇంట్లో కాటా మీద ముల్లు అక్కడే పాతుకుపోయింది. అప్పుడు మొదలైంది నాకు అసలు అనుమానం. ఇంట్లో ఇద్దరమే ఉంటాం. నేను తాగేదంతా కలిపి ఇచ్చేది ఒక్క మనిషి.

గమనించడం మొదలుపెట్టాను. మా ఆవిడ పొడి కలిపేటప్పుడు నాకు వీపు పెట్టి నిలబడుతోంది. ఫోనులో వాళ్ళ అక్కతో గుసగుసలాడుతోంది, నేను రాగానే పెట్టేస్తోంది. మధ్యరాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా, పడకగది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటోంది. ఏమిటని అడిగితే నిద్ర పట్టలేదంటుంది. వంటింటికి కాపలా అని నాకు తెలియదా? నేను దొంగతిండికి లేస్తానని ఆవిడ అనుమానం. నన్ను అనుమానించే మనిషిని నేను ఎలా నమ్మాలి?

చక్కెర డబ్బా లోపల పెన్సిల్‌తో గీత గీశాను. మూడు రోజులు చూశాను, చక్కెర గీత దాటి తగ్గలేదు. ప్రొటీన్ పొడి డబ్బాను కూరగాయల త్రాసులో రహస్యంగా తూచాను. చెంచాల లెక్కకు సరిగ్గా సరిపోయింది. అయినా నా అనుమానం తీరలేదు. ఆవిడకు లోలోపల ఆపరేషన్ అంటే భయం. పైకి పోరుపెడుతూనే, తేదీ పోవాలని నా గ్లాసులో ఏదో కలుపుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాననుకున్నాను.

ఇక్కడ టీ సంగతి ఒకటి చెప్పాలి. కాటా దగ్గర ఒక పద్ధతి ఉంది. లోడు దిగి ఖాళీ బండితో తిరిగి వచ్చిన డ్రైవరు ఎదురు కొట్లోంచి నాకొక టీ చెప్తాడు. వద్దంటే వాడి చీటీ మీద నాకేదో కోపం ఉందని అనుకుంటాడు. రోజుకు తొమ్మిది, ఒక్కోసారి పది. చిక్కటి పాలు, రెండేసి చెంచాల చక్కెర. దాన్ని నేను ఫారంలో రాయలేదు. టీ తిండి కాదు, మర్యాద. పైగా ద్రవాలే తాగమన్నారు కదా. ఇంట్లో తాగిన ప్రతి చుక్కా మాత్రం పొల్లుపోకుండా రాశాను.

పన్నెండో రోజు సాయంత్రం మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, సందులో రాయి పెట్టే డ్రైవరు సంగతి మళ్ళీ చెప్పమంది. అంకె సున్నా దగ్గరే మొదలవుతుందా, బండి ఎక్కాకే తేడా వస్తుందా అని కూడా అడిగింది. ఇరవై రెండేళ్ళకు నా పని మీద ఆవిడకు ఆసక్తి కలిగిందని ఉబ్బిపోయి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాను.

పద్నాలుగో రోజు ఉదయం ఆసుపత్రికి వెళ్ళాం. డైటీషియన్ అమ్మాయి బీరువాలో నా ఫైలు వెతుకుతోంది. నేను కాటా పక్క కుర్చీలో కూలబడ్డాను. వంగితే నాకు ఊపిరాడదు, అందుకని ఎన్నో ఏళ్ళుగా నా బూట్లు మా ఆవిడే విప్పుతుంది. కింద మోకాళ్ళ మీద కూర్చుని లేసులు విప్పి, బూట్లు పక్కకు పెట్టి, రబ్బరు పట్టా సర్దింది. ఆ అమ్మాయి వచ్చి మీట నొక్కింది. గోడ మీద సున్నా వచ్చింది. నేను ఎక్కాను.

నూట ముప్పై అయిదు పాయింట్ నాలుగు.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. చాలా బాగా చేశారంటూ కలం తీసింది. నాకు మాత్రం అరికాళ్ళలో ఏదో తేడా కొట్టింది. బల్ల ఊగలేదు. ఎక్కగానే బిగుసుకుపోయింది. అంకె వంక చూశాను, తరవాత మా ఆవిడ వంక చూశాను. ఆవిడ అంకె వంక చూడటం లేదు. నా మొహం వంక చూస్తోంది.

నిజం చెప్తాను, ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. అంకె నాకు అనుకూలంగా ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల ఎక్కినవాళ్ళందరికీ ఏమనిపించేదో అప్పుడు తెలిసింది. కానీ పొట్ట మీద మూతలా పడుకున్న ఆ కాలేయం గుర్తొచ్చింది. కాటాను మాయ చెయ్యవచ్చు, సర్జన్ కత్తి కింద ఉన్నదాన్ని చెయ్యలేం. దిగాను. నా పొట్ట అడ్డం వచ్చి నా కాళ్ళ కింద ఏముందో నాకు కనపడదు, మూడడుగులు వెనక్కి వెళ్ళి చూశాను. రబ్బరు పట్టా అంచు రెండు మడతలు పడి బల్ల కిందకు దూరి ఉంది.

"పట్టా తియ్యండి" అన్నాను.

ఆ అమ్మాయి గది ఊడ్చే ఆవిడను తిట్టుకుంటూ పట్టా లాగేసింది. నేను మారుమాట్లాడకుండా మళ్ళీ ఎక్కాను. బల్ల ఊగి కుదురుకుంది. నూట ముప్పై తొమ్మిది. ఆ అమ్మాయి సర్జన్‌కు ఫోను చేసింది, కలం మూసింది, మూడు వారాల తరవాత ఇంకో తేదీ రాసి ఇచ్చింది.

బూట్లు చేత్తో పట్టుకుని నడవాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుంది. నువ్వేనా అని అడగాల్సిన పని కూడా లేకపోయింది.

"నేనే" అంది. "అయిదు తగ్గకపోతే తేదీ పోతుందంది కదండీ. ఇంట్లో చూస్తే ముల్లు కదలడం లేదు. పరీక్షలో మార్కుల్లాగా అదొక లెక్క అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేయం సంగతంతా అప్పుడు చెప్పాను, గొంతు తగ్గించుకుని అయినా కసితీరా చెప్పాను. ఆ అంకె నమ్మి కోసి ఉంటే నన్ను నీ చేత్తో చంపుకునేదానివి అన్నాను.

"నాకు ఎవరూ చెప్పలేదే" అంది.

చెప్పాల్సింది నేనే. అది ఒప్పుకోకుండా, అంత తొందర ఏమొచ్చిందని మాత్రం అడిగాను.

"మీ ఊపిరి ఆగుతోందండీ. ఆగినప్పుడల్లా లెక్కపెడతాను. ఇరవై దాటితే భుజం కుదుపుతాను, మళ్ళీ అందుకుంటారు. పక్కన పడుకుంటే నాకు నిద్ర పట్టేస్తుందని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను. మొన్న మంగళవారం నాకే కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి, పరుగెత్తుకొచ్చి కుదిపితే మీరు కదల్లేదు. మళ్ళీ ఊపిరి తీసేసరికి నలభై ఒకటి లెక్కపెట్టాను. మూడు నెలలైంది, ఇంక నా వల్ల కావడం లేదు. అక్కకు ఫోను చేసి ఏడవడం తప్ప నేనేం చెయ్యగలను?"

గుమ్మం దగ్గర కుర్చీ. వంటింటి కాపలా అనుకున్నది అది. నేను చక్కెర డబ్బాలో గీతలు గీస్తున్న రోజుల్లో ఈ మనిషి నా ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. గురివింద గింజకు తన కింద నలుపు కనపడదంటారు. నా కింద ఏముందో నాకు ఎప్పుడూ కనపడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. టీల సంగతి చెప్పేశాను.

"రోజుకెన్ని?" అంది.

"తొమ్మిది. పది."

"చక్కెరతోనా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"కలపడంలో నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకున్నాను. వీపు తిప్పుకుని ప్రతి చెంచా రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని" అంది.

మూడు వారాలు. నేను మర్యాదకు తాగిన టీలకు ఆవిడ ఇంకో ఇరవై ఒక్క రాత్రులు కుర్చీలో కూర్చోవాలి. అటక మీద మాస్కు ఉందని గుర్తొచ్చింది. ఇవాళే దింపి పెట్టుకుంటానన్నాను, టీ కొట్టువాడికి రేపే చెప్తానన్నాను. ఆవిడ కొత్త తేదీ చీటీని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ చోటులో ఉంటే నేనైనా ఆ మాట నమ్మేవాణ్ణి కాదు.

ఆవిడ అలవాటుగా నా బూట్ల కోసం కిందకు వంగబోయింది. వద్దన్నాను. బూట్లలో కాళ్ళు దూర్చి నేనే వంగాను. పొట్ట నొక్కుకుంది, ఊపిరి బిగపట్టాను, వేళ్ళకు లేసు అందలేదు. ఇంకొంచెం వంగాను, మొహంలోకి రక్తం తోసుకొచ్చింది. లేసు అందింది. ముడి పడుతూ ఉండగా పక్కకు తిరిగి పైకి చూశాను. మా ఆవిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు.