ముందు షోర్వా, తర్వాత అన్నం

సైదులు కొర్రమీనుకు బూడిద రుద్ది, మొద్దు మీద అదిమిపట్టి పొలుసు గీకుతున్నాడు. ఇబ్రహీంపట్నం చెరువులో వలకు పడ్డవాటిలో మంచిది ఇంటికి, మిగిలినవి సాగర్ రోడ్డు పక్కన తట్టలోకి. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే బతుకు. నీళ్లకు పగిలిన మడమలు, వల తాళ్లకు కోసుకుపోయిన వేళ్లు, ఎంత తోమినా పోని నీచు వాసన.

భార్య మైసమ్మకు కడుపులో గడ్డ. ఒంట్లోకి కాస్త బలం వస్తేనే ఆపరేషన్ అన్నారు పట్నం డాక్టర్లు. జబ్బు మనిషికి కొర్రమీనును మించిన బలం లేదని వాళ్ల వాడలో ప్రతి ముసలమ్మా చెబుతుంది. అందుకే ముందు గిన్నె నిండా షోర్వా, పల్చటి చేపల చారు, ముక్కలతో సహా. ఆ తర్వాతే అన్నం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం సైదులు. షోర్వా తాగాక ఆమె అన్నం పళ్లెం పక్కకు నెట్టేది. అతను తిట్టేవాడు.

"కడుపు నిండింది, నేనేం జెయ్యాలె?" అని ఏడ్చేది. మొండికేస్తోందనుకున్నాడు. మనిషి చీపురుపుల్లయింది.

ఆ పొద్దున తట్ట దగ్గరికి చేపలకొచ్చిన నర్సు రేణుక మైసమ్మ సంగతి అడిగింది. అంతా విని తల కొట్టుకుంది.

"అన్నా, చేపల్ల ప్రోటీను ఉంటది. అది అరిగి ముక్కలై పేగుకు తగలంగనే పేగు హార్మోన్లు ఇడుస్తది. గవి పోయి మెదడుకు 'ఇగ చాలు' అని చెప్తయ్. అసలే ఆకలి సచ్చిన మనిషాయె. మొదాలు మెత్తటి అన్నం నెయ్యేసి పెట్టు. చేప ఎనుక పెట్టు."

"అంటే దాని నోరు నేనే కట్టేసిన్నా?"

"నీకు ఎరుకలేకపాయె. బలమనే పెట్టినవ్ గదా."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. తట్టను పక్కన చేపలమ్మే ఆమెకు అప్పజెప్పి ఇంటిదారి పట్టాడు. తాను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

అన్నం మెత్తగా వండి, నెయ్యి వేసి కలిపాడు. మైసమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ముద్ద నోట్లో పెడితే మెల్లగా నమిలింది. ఇంకోటి పెట్టాడు. అదీ తిన్నది.

"షోర్వా తెస్తలేవా?"

"ఇయ్యాల వద్దు. గిదే తిను."

"మంచిగున్నది. ఇంకో ముద్ద కలుపు."

సైదులుకు ఏడుపొచ్చింది. ఆమెకు కనబడకుండా తల వంచుకుని కలిపాడు. ముద్ద చేసి తలెత్తేసరికి మైసమ్మ మెడ పక్కకు వాలి ఉంది. పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

కేక విని వాడవాళ్లు వచ్చారు. ఆమెను కింద పడుకోబెట్టి, తల దగ్గర దీపం వెలిగించారు. సైదులు చెయ్యి కూడా కడుక్కోలేదు.

పళ్లెంలో అతని వేళ్ల అచ్చులతో ఆ ముద్ద అలాగే ఉంది.